ధర్మపురి లగ్గానికి ఎనిమిది ఎర్ర జాకెట్లు

సిరిసిల్ల,
జూలై 6

మేనకోడలు సంగీతకు,

మీ అత్త లింగవ్వ దీవెనలు. ఇక్కడ నా చెవులు తప్ప మిగతా అన్నీ బాగున్నాయి.

నీ కుట్టు మిషన్ ఎట్లా నడుస్తున్నది? బడులు తెరిచారు గనక కోరుట్ల పిల్లల యూనిఫారాలన్నీ నీ నెత్తి మీదే ఉండి ఉంటాయి. భూమేశ్ మస్కట్ నుంచి ఎప్పుడొస్తానంటున్నాడు? పోయినసారి 'వచ్చే ఏడు' అన్నాడని రాశావు. అంతకు ముందు ఏడు కూడా అదే రాశావు. అల్లుడి క్యాలెండర్‌లో ఆ ఒక్క పేజీయే ఉన్నట్టుంది.

మీ నాయిన పోయిన వారం వచ్చి వెళ్లాడు. నర్సయ్య నాకు తమ్ముడే గాని, మాట్లాడితే మా తాతలా మాట్లాడతాడు. దసరా కాగానే ఈ ఇల్లు ఖాళీ చేయించి నన్ను వెల్గటూర్ తీసుకుపోతాడట. "అక్కా, ఇగ నువ్వు సల్లగ కూసో. మా ఇంట్ల ఫ్యాను కింద మంచమేసిస్త" అని నా చెవి దగ్గర అరిచి చెప్పాడు. నాకు అరవై ఒకటి. అంగన్‌వాడీ పని నుంచి దిగి నిండా సంవత్సరం కాలేదు. ఆ ఫ్యాను కింద ఎన్నేళ్లు కూర్చోవాలో వాడు చెప్పలేదు. నేనూ వద్దనలేదు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు ఉంది.

మా పక్క సందులో బ్యాండు మాస్టర్ సాయిలు ఉంటాడు, నీకు గుర్తుండే ఉంటుంది. మీ పెళ్లికి క్లారినెట్ ఊదింది ఆయనే. ఊళ్లోకి డీజే పెట్టెలు వచ్చాక ఆయన్ను పిలిచేవాళ్లు లేరు. వాయించే కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు దుబాయి పోయారు. గురువారం పొద్దున పాలపాకెట్ కోసం పోతుంటే, వాళ్లింటి ముందు పాత సామాన్ల వ్యాపారి కాంటా పెట్టి ఇత్తడి బూరలు తూకం వేస్తున్నాడు. పెద్ద డోలు పక్కన మట్టిలో పడి ఉంది. ఎందుకో తెలియదు, పోతూ పోతూ దాని మీద చేత్తో ఒక్కటి వేశాను.

సంగీతా, నాకు వినబడింది.

మీ మామ నడిపిన మరమగ్గాల, ఆ సాంచెల చప్పుడు పక్కనే ఇన్నేళ్లు కాపురం చేసి నా చెవులు ఎట్లా అయ్యాయో నీకు తెలుసు. ఎవరు మాట్లాడినా గొంగడి కప్పుకొని మాట్లాడినట్టుంటుంది. ఫోను పెట్టుకుంటే ఈగ తిరిగినట్టుంటుంది. ఈ డోలు మాత్రం కడుపులో వినబడి, అక్కడి నుంచి పైకి వచ్చింది.

"తూకం ఆపు" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు సాయిలు.

"మేం వాయిస్తం."

"మేమంటె ఎవలు?"

అది నాకూ తెలియదు. "ఆడోళ్లం" అన్నాను. నోట్లోంచి అట్లా వచ్చేసింది. వచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఇష్టం లేక, పాలు మరిచిపోయి మనుషుల కోసం బయల్దేరాను. గాంధీ చౌక్ దగ్గర దోసెలు పోసే కిష్టవ్వ మొదట ఒప్పుకుంది. తర్వాత సాంచెల కింద కండెలు చుట్టే గీత. ఆ తర్వాత నా దగ్గర అంగన్‌వాడీకి వచ్చిన పిల్లల తల్లులు. నాతో కలిపి ఎనిమిది మందిమి అయ్యాం. ఆ పూట నేను కొంచెం ఆలస్యంగా లేచి ఉంటే ఆ డోలు ఏ గోదాములోనో ఉండేది, నేను వెల్గటూర్ ఫ్యాను కింద ఉండేదాన్ని.

ఇన్నేళ్ల తర్వాత నా గుండె దడదడలాడుతున్నది బిడ్డా. "గీ వయసుల గిది అవుసరమా లింగవ్వా?" అని సాయిలు అడిగాడు. "గీ వయసుల కాకుంటె ఇంకెప్పుడు?" అన్నాను. రోజూ సాయంత్రం ఆయన ఇంటికి పోతున్నాను. లోకం నవ్వితే నవ్వనీ. మీ నాయినకు మాత్రం ఇప్పుడే చెప్పకు. మా పక్కింటి ఫోనుకు చేసి కూడా అడగకు, వాళ్ల నోట పడితే సిరిసిల్ల అంతా తెలుస్తుంది.

నువ్వేమంటావో రాయి. నువ్వు కాదంటే కొంచెం బాధపడి, మానకుండా సాగిస్తాను.

మీ అత్త
లింగవ్వ

*

కోరుట్ల,
జూలై 12

అత్తకు సంగీత దండాలు.

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ గేటు సందులోంచి వేసి పోయాడు, ఆ వెంటనే వాన దంచి కొట్టింది. పై కాగితాల మీద నీ నీలం సిరా అంతా కలిసిపోయి ఒక్క అక్షరం మిగల్లేదు. ఇస్త్రీ పెట్టి ఆరబెట్టాను, ఇంకా పాడైంది. అడుగున ఉన్న చివరి కాగితం మాత్రం శుభ్రంగా ఉంది. అది చాలు. అంతా అర్థమైంది.

చదువుతూ ఒక పిల్లవాడి నిక్కరుకు రెండు కాళ్లూ కలిపి కుట్టేశాను. మొదట నవ్వొచ్చింది. తర్వాత కొంచెం ఏడుపొచ్చింది. మామ పోయినప్పటి నుంచి నువ్వు ఒక్కదానివే వండుకొని, ఒక్కదానివే తిని, మా అందరి యోగక్షేమాలు అడుగుతూ వచ్చావు. నీ యోగక్షేమం మేమెవరం సరిగ్గా అడగలేదు. నీ గుండె దడదడలాడితే నేనెందుకు కాదంటాను? నువ్వు సిగ్గుపడతావని విడమరిచి రాయడం లేదు, నువ్వూ రాయకు. ఒక్కటే అడుగుతాను. సాయిలు మంచివాడేనా? తాగుతాడా? ఇంట్లో ఇంకెవరున్నారు?

నా సంగతి ఏముంది. భూమేశ్ వీడియో కాల్‌లో ఇల్లు చూపించమంటాడు. ఫోన్ పట్టుకొని గోడలన్నీ తిప్పి చూపిస్తాను. సెప్టెంబరులో కంపెనీ వాళ్లు మళ్లీ రెండేళ్లకు సంతకం పెట్టించుకుంటారట. "పై అంతస్తు అయిపోనీ సంగీతా, ఇగ వచ్చేస్త" అంటాడు. కింది అంతస్తులోనే నేనొక్కదాన్నే ఉంటున్నాను. పై అంతస్తులో ఎవరుంటారో నాకు తెలియదు. అయినా సరే అన్నాను. సరే అనడం ఎంత అలవాటైందంటే, మొన్న "అన్నం తిన్నవా" అని అడిగితే కూడా సరే అన్నాను.

నాయినకు చెప్పను. ఒట్టు.

నీ కోడలు
సంగీత

*

సిరిసిల్ల,
జూలై 20

బంగారు కోడలికి,

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఒక్కదాన్నే గంతేశాను. మోకాలు పట్టేసింది. అది వేరే సంగతి. నువ్వు తిడతావని భయపడ్డాను, నువ్వేమో ఇట్లా రాశావు. తడిసిపోయిన కాగితాల నిండా మీ నాయిన మీద నా కోపమే ఉంటుంది, నష్టం లేదు.

సాయిలు మంచివాడు. తాగడు, తాగితే ఊపిరి నిలవదంటాడు. భార్య పోయింది, కొడుకు భీవండిలో స్థిరపడ్డాడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. నిన్న నేను తొందరపడ్డానని కర్రతో నా వేళ్ల మీద ఒకటి వేశాడు. నేనూ నా కర్ర తీశాను. కిష్టవ్వ మధ్యలోకి వచ్చి విడిపించింది. తర్వాత అందరం చాయ్ తాగాం. ఆయన ముందు, నేను వెనక, ఇద్దరి అడుగు ఒకటిగా పడితే చాలు, మిగతాదంతా అదే నడుస్తుందంటాడు. మా జోడీ మంచిగ కుదిరిందని కిష్టవ్వ అందరికీ చెబుతున్నది. వీధిలో వాళ్లు మమ్మల్ని చూసి తలుపులు వేసుకుంటున్నారు. వేసుకోనీ. కొన్నాళ్లకు వాళ్లే తీస్తారు.

ఇక అసలు మాట. ధర్మపురిలో లగ్గం ఒప్పుకున్నాం. ఆగస్టు పదిహేడు, పొద్దున. గుడి నుంచి కొంచెం దూరంలో ఫంక్షన్ హాలు. నువ్వు తప్పకుండా రావాలి, నువ్వు లేకుండా నా చేతులు ఆడవు. ఇంకొకటి, ఎనిమిది ఎర్ర జాకెట్లు కుట్టి పంపాలి. బంగారు రంగు అంచు ఉండాలి. చూసినవాళ్ల కళ్లు చెదరాలి. కొలతలు ఈ కాగితం వెనక రాశాను. సాయిలుకు పాత కోటు ఉందట, అదే వేసుకుంటాడట.

భూమేశ్ సంగతి. నాకు చెవులు లేవు గనక మనుషుల ముఖాలు చూసి అర్థం చేసుకుంటాను. ఫోను తెరలో అతనికి కనబడేది గోడలు. నువ్వు సరే అన్న ప్రతిసారీ నీకు ఇష్టమే అనుకుంటున్నాడేమో. అక్కడ కూర్చున్న మనిషికి ఎట్లా తెలుస్తుంది?

ఇప్పుడు సాయంత్రమైంది, పోవాలి. ఆలస్యమైతే మళ్లీ కర్ర తీస్తాడు.

మీ అత్త
లింగవ్వ

*

కోరుట్ల,
ఆగస్టు 3

అత్తకు,

జాకెట్లు అయ్యాయి, ఈ ఉత్తరంతో పాటే బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. అంచు కోసం జగిత్యాల టవర్ దగ్గరి దుకాణాలన్నీ తిరిగాను. పెళ్లికూతురిది ప్రత్యేకంగా ఉండాలి గనక నీదానికి చేతుల నిండా మగ్గం వర్క్ చేయించాను. వీపున కుచ్చులు వేలాడతాయి. ఈ వయసులో కుచ్చులేమిటని అనకు. మిగతా ఏడూ పెళ్లికూతురి తోడు వచ్చేవాళ్లకని తెలుసు గనక, వాటికి పని కొంచెం తగ్గించాను.

ఇప్పుడు నన్ను తిట్టు. నాయినకు చెప్పేశాను.

నేనేం చేయను. సాయిలు నిన్ను వేళ్ల మీద కొట్టాడని చదివాక నా మనసు నిలవలేదు. పెళ్లికి ముందే కర్ర తీసే మనిషి పెళ్లయ్యాక ఏం చేస్తాడు? నువ్వు కూడా కర్ర తీశావని చదివి కాస్త ధైర్యం వచ్చిన మాట నిజమే. అయినా మన తరఫున ఒక మగమనిషి ఉండి నాలుగు మాటలు అడిగితే బాగుంటుందనుకున్నాను. అడగడానికి నాయిన తప్ప ఎవరున్నారు?

"అత్త పెండ్లి చేసుకుంటున్నది నాయినా" అన్నాను. ఫోన్‌లోనే ఆయన గొంతు లేచింది.

"ఎవలతోని?"

"సాయిలుతోని."

"బ్యాండు సాయిలా? అయితె వాని పెండ్లికి వాడే ఊదుకుంటడా?"

"గదంత నాకు తెల్వది. ధర్మపురిల లగ్గం."

"నన్నడగకుంటనే లగ్గం బెట్టుకున్నదా. మంచిది. నేను గాడికే వస్త. పీటల మీదికెల్లి లేపుకొస్త."

సిరిసిల్లకు ఒకసారి వెళ్లి నీతో మాట్లాడమని బతిమాలాను. పిలవని ఇంటికి పోనన్నాడు. పెళ్లికి మాత్రం పిలవకపోయినా వస్తాడట. వెల్గటూర్ నుంచి ఇద్దరు పెద్దమనుషులను కూడా వెంట తెస్తున్నాడు. నువ్వు జాగ్రత్త.

ఇంకొక సంగతి ఉంది.

భూమేశ్‌కు చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు కూడా. తర్వాత తెరలో అతని ముఖం కదలకుండా ఉండిపోయింది. నెట్ పోయిందనుకొని ఫోన్ విదిలించాను. నెట్ పోలేదు.

"అత్తమ్మకు అరవై దాటినై. ఆమె ఆగలే" అన్నాడు. "మనం దేనికి ఆగుతున్నం సంగీతా?"

ఎప్పటిలా సరే అనబోయాను. నీ మాట గుర్తొచ్చింది. ఫోన్‌ను గోడల వైపు తిప్పకుండా నా ముఖానికే పెట్టుకొని, "నాకు పై అంతస్తు ఒద్దు. నువ్వు గావాలె" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదత్తా. అన్నాక భయమేసి ఫోన్ పెట్టేశాను.

తెల్లారి టికెట్ ఫొటో పంపాడు. పదహారున హైదరాబాద్‌లో దిగి, అక్కడి నుంచి నేరుగా ధర్మపురికి వస్తాడట. నీ పెళ్లి చూడడానికి. మూడు వారాల సెలవు. సెప్టెంబరు సంతకం సంగతి ఏమిటని అడగలేదు. అడిగితే మాట మారుతుందేమోనని భయం.

నువ్వు పెళ్లి చేసుకోవడం ఎంత మంచిదైంది.

నీ కోడలు
సంగీత

*

సిరిసిల్ల,
ఆగస్టు 8

సంగీతా,

ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నాను, పోస్టు డబ్బాలో వేసేది మాత్రం పదహారున. ఎందుకో చివర చెబుతాను.

నీ పార్సిల్ విప్పినప్పుడు మేమందరం సాయిలు వాకిట్లో ఉన్నాం. జాకెట్లంటే నేను అనుకున్నవి బ్యాండు వాళ్లు వేసుకునే కోట్లు తల్లీ. పొడుగు చేతులు, ఇత్తడి గుండీలు. మూటలోంచి ఎనిమిది పెళ్లి జాకెట్లు బయటపడ్డాయి. "గివి ఏసుకొని ఎట్ల కొడ్తమే?" అని గీత అడిగింది. నాకూ అర్థం కాలేదు. అప్పుడు నీ ఉత్తరం చదివాను. 'పెళ్లికూతురిది ప్రత్యేకంగా ఉండాలి గనక' అన్న దగ్గర ఆగి, మొదటి నుంచి మళ్లీ చదివాను. తర్వాత డోలు మీద తల పెట్టుకొని నవ్వాను. కిష్టవ్వ నా చేతిలోంచి లాక్కొని అందరికీ వినబడేలా చదివేసింది.

నీకు అర్థమైందా? తడిసిన కాగితాల్లోనే అసలు సంగతంతా ఉంది. నేను పెళ్లి చేసుకోవడం లేదు. బ్యాండులో డోలు కొడుతున్నాను. ఎనిమిది మంది ఆడవాళ్లం, మాకు సాయిలు మాస్టర్. ఆయన నా వేళ్ల మీద వేసింది తాళం తప్పినందుకు. ధర్మపురి లగ్గం రమేశ్ అనే అబ్బాయిది. పెళ్లికూతురి నాయనమ్మకు గుండె జబ్బు, డీజే పెడితే తట్టుకోలేదని వాళ్లు బ్యాండు కోసం వెతుక్కుంటూ వచ్చారు. మాకు మూడు పాటలే వచ్చు. అవే తిప్పి తిప్పి వాయిస్తాం.

పాపం సాయిలు ముఖం చూడాల్సింది. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి.

"నన్ను చేసుకుంటనని ఎవ్వలతోనన్న అన్నవా లింగవ్వా?" అని నా చెవి దగ్గరకొచ్చి అడిగాడు.

"అనలే. నీకు గిట్ల ఆశ ఉన్నదా?"

"నాకెందుకు ఆశ. నీ దెబ్బకు నా క్లారినెటే ఇనబడుతలేదు, ఇగ సంసారమా."

అందరూ ఎంత నవ్వారంటే ఆ సాయంత్రం ఇక వాయించలేకపోయాం. జాకెట్లు వెనక్కి పంపుదామని నేను అన్నాను. కిష్టవ్వ అప్పటికే ఒకటి తొడుక్కుంది, విప్పనంటున్నది. పెళ్లయి ఇన్నేళ్లలో తనకు ఇంత మంచి జాకెట్టు ఎవరూ కుట్టించలేదట. కాబట్టి పదిహేడున మేమందరం అవే వేసుకుంటాం.

నీకు వెంటనే ఫోన్ చేయించి చెప్పాలని గీత పట్టుబట్టింది. నెంబరు కూడా కొట్టింది. నేను ఫోన్ లాక్కొని ఆపేశాను.

బిడ్డా, భూమేశ్ టికెట్ తీసుకున్నాడు. పెళ్లి లేదని తెలిస్తే ఏమంటాడు? 'అయితే వచ్చే ఏడు వస్తా' అనొచ్చు. అనకపోవచ్చు కూడా. కాని అనే అవకాశం నేనెందుకివ్వాలి? విమానం నేల దిగేదాకా నేను పెళ్లికూతురినే. నా పేరు పోతే పోనీ, అది పెద్ద పేరేమీ కాదు. వచ్చాక కోపం వస్తే నా మీద తీర్చుకొమ్మను, అరిచినా నాకు వినబడదు.

మీ నాయిన సంగతి ఆలోచిస్తే మాత్రం కొంచెం దడగానే ఉంది. చిన్నప్పటి నుంచీ వాడు నన్ను అర్థం చేసుకున్నాకే తిడతాడనుకునేదాన్ని. ఈసారి ముందే తిడతాడు. పెద్దమనుషులతో వచ్చి అందరి ముందూ డోలు లాక్కుంటే, నేను దసరాకు నోరు మూసుకొని వెల్గటూర్ బస్సెక్కాల్సిందే. పెళ్లి ఆపడానికి వచ్చినవాడు బ్యాండును మాత్రం ఊరికే వదులుతాడా? అయినా రానీ. వాడు వచ్చేసరికి నేను వాయిస్తూ ఉంటాను. అదొక్కటే నా దగ్గరున్న జవాబు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆ రోజు అయిపోయి ఉంటుంది గాని, నువ్వు ముందు వరసలో ఉంటే బాగుండు.

అబద్ధాల అత్త
లింగవ్వ

*

కోరుట్ల,
ఆగస్టు 28

అత్తకు,

నీ ఉత్తరం అన్నీ అయిపోయాక, పంతొమ్మిదిన వచ్చింది. ఈసారి వాన లేదు, ప్రతి అక్షరమూ ఉంది. చదివి నీ మీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. భూమేశ్ నా భుజం మీదుగా చదివి, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మంచినీళ్లు ఇవ్వడానికి లేచాను, ఆ హడావుడిలో కోపం పోయింది.

ధర్మపురిలో నువ్వు డోలు వెనక ఉన్నావు. నీ ముందు ఏం జరిగిందో నీకు వినబడలేదు, సగం కనబడలేదు కూడా. అందుకే రాస్తున్నాను.

నేను ఫంక్షన్ హాలు దగ్గరికి వచ్చేసరికి నాయిన, ఇద్దరు పెద్దమనుషులు గేటు ముందు నిలబడి పూల బోర్డు చదువుతున్నారు. "గీ రమేశ్ ఎవడు? సాయిలు అసలు పేరు గిదేనా?" అని నన్ను అడిగాడు. నీ పేరు కూడా బోర్డు మీద లేదు. హాలు తప్పు వచ్చామేమో అనుకుంటుండగా వీధి మలుపులో బరాత్ కనబడింది. ముందు పాత ఎర్ర కోటులో సాయిలు, నోట్లో క్లారినెట్. నాయినకు ఆ కోటు తప్ప ఇంకేం కనబడలేదు. గబగబా పోయి ఆయన చేయి పట్టుకున్నాడు.

"పీటల మీద ఉండేటోనివి, బజార్ల ఊదుకుంట తిరుగుతున్నవేంది?"

సాయిలు క్లారినెట్ నోట్లోంచి తీశాడు. పాట ఆగిపోయింది. నువ్వు ఆగలేదు. నువ్వు ఆగలేదు గనక కిష్టవ్వ తాళాలూ ఆగలేదు, గీత చిన్న డ్రమ్మూ ఆగలేదు. పాట లేని దరువు ఒక్కటే వీధంతా నిండిపోయింది.

"మా అక్కను ఏం జేద్దామనుకున్నవ్?" అని నాయిన అరిచాడు.

"నేనేం జేస్త బాపూ" అన్నాడు సాయిలు. "నువ్వే ఆమెను ఆపి సూడు. నాతోనైతే అయితలేదు."

అప్పుడు నాయిన తల తిప్పి నిన్ను చూశాడు. మగ్గం వర్క్ జాకెట్టు, వీపున కుచ్చులు, ముందు పెద్ద డోలు, కళ్లు మూసుకొని వాయిస్తున్న అక్క. ఏదో చెప్పాలని రెండు చేతులూ పైకెత్తి "అక్కా, అక్కా" అని అరిచాడు. దరువులో ఆ అరుపు ఈలలా కలిసిపోయింది. రమేశ్ దోస్తులు అది ఆట అనుకున్నారు. ఇద్దరొచ్చి నాయినను మధ్యలోకి లాగారు, ఒకడు తలకు తువ్వాల చుట్టాడు. విడిపించుకోవడానికి ఆయన ఇటు అటు గింజుకుంటుంటే వాళ్లకు ఇంకా ఉత్సాహం వచ్చింది. ఆ పెద్దమనుషుల్లో ఒకాయన కర్ర పక్కన పెట్టి తనూ అడుగు కలిపాడు. చివరికి, అత్తా, నేను కళ్లారా చూశాను. నాయిన గింజుకోవడం మానేశాడు. చేతులు పైన అట్లాగే ఉన్నాయి, కాళ్లు మాత్రం తాళంలో పడ్డాయి.

నేను అప్పటికి నీ డోలు చూసి అంతా అర్థం చేసుకొని, ఒక దుకాణం మెట్టు మీద కూలబడి నవ్వుతున్నాను. ఆ గుంపులోకి ఆటో వచ్చి ఆగింది. భూమేశ్ దిగాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూడలేదు. నేరుగా సాయిలు దగ్గరికి పోయి కాళ్లకు మొక్కి, చేతిలో అత్తరు సీసా పెట్టాడు.

"మామా, మా అత్తమ్మను మంచిగ సూసుకో."

"ఎవ్వలొచ్చినా ఆమెను నాకే అప్పజెప్తున్నరేంది?" అన్నాడు సాయిలు. అత్తరు మాత్రం జేబులో వేసుకొని మళ్లీ ఊదడం మొదలుపెట్టాడు.

భూమేశ్ నన్ను వెతుక్కుంటూ మెట్టు దగ్గరికి వచ్చాడు.

"పెండ్లి ఎవలది?"

"రమేశ్‌ది."

"రమేశ్ ఎవలు?"

"నాకు తెల్వది."

వెనక్కి తిరిగి నిన్ను చూశాడు, నీ డోలు చూశాడు. దీనికోసమా ఇంత దూరం రప్పించావంటాడని అనుకున్నాను. బ్యాగు కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

"మంచిగ కొడ్తున్నది అత్తమ్మ" అన్నాడు. భోజనాలకు పిలిచేదాకా మేం అక్కడే కూర్చున్నాం.

భోజనాలయ్యాక నాయినను వెల్గటూర్ బస్సు దాకా సాగనంపాం. ఎక్కబోయే ముందు, "దసరా ముచ్చట మీ అత్తకు యాది చేయకు. గా ఫ్యాను కింది మంచం నేనే ఏసుకుంట. నా మోకాళ్లు పోయినయి" అన్నాడు. నిన్న ఫోన్ చేసి, వెల్గటూర్‌లో ఎవరింట్లోనో పసిబిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్ ఉంది, మీ అత్త బ్యాండుతో వస్తుందేమో కనుక్కో అన్నాడు. మర్యాదగా అడిగాడు. నువ్వు కొంచెం బెట్టు చేసి ఒప్పుకో.

ఒక్కోసారి మిషన్ ఆపి ఆలోచిస్తుంటాను. ధర్మపురిలో నువ్వు చెప్పావు గదా, ఆ పొద్దున నువ్వు డోలు మీద చేయి వేయకపోతే ఉత్తరం లేదు, ఉత్తరం తడవకపోతే పెళ్లి లేదు, పెళ్లి లేకపోతే నా నోట ఆ మాట లేదు. కాని ఇవన్నీ జరిగి కూడా నేను ఆ రోజు మళ్లీ సరే అని ఉంటే, భూమేశ్ ఇప్పుడు మస్కట్‌లోనే ఉండేవాడు. ఆ ఒక్కటి మాత్రం నేనే చేశాను, వానతో దానికి సంబంధం లేదు.

నిన్న మధ్యాహ్నం మస్కట్ నుంచి వాళ్ల సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. కొత్త కాగితాలు సిద్ధం చేయాలా అని. భూమేశ్ గడప మీద కూర్చుని యూనిఫారాలకు మిగిలిన దారాలు కత్తిరిస్తున్నాడు. నేను మిషన్ ఆపేశాను. బట్ట మీద సూది దిగి అట్లాగే ఉంది.

"నహీ సాబ్, ఇగ నేను రాను" అన్నాడు, సగం హిందీలో, సగం తెలుగులో. అవతలి మనిషికి అర్థం కాలేదేమో, మళ్లీ మొత్తం హిందీలో చెప్పాడు. ఫోన్ జేబులో పెట్టుకొని నా వైపు చూశాడు. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"ఇప్పుడేం జేద్దాం?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"నాకు గూడ తెల్వది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ గుమ్మంలో నిలబడి ఏమైందని అడిగింది. ఎంత ప్రయత్నించినా చెప్పలేకపోయాం. ఆమె కూడా మాతో కాసేపు నవ్వి, రేపొస్తానని వెళ్లిపోయింది.

నీ కోడలు
సంగీత